ఇంటిపేరు వెనక ఏ పని ఉంది? బూర్గంపాడు నుంచి వెతుకుదాం రండి

ఫెరారి అనగానే మనకు ఎర్రటి కారు గుర్తొస్తుంది. ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారిది ఇటలీలోని మొదెనా. ఫెరారి ఆయన ఇంటిపేరు. దానికి అర్థం కమ్మరి. లాటిన్‌లో ఇనుమును ‘ఫెర్రుమ్’ అంటారు, పేరు అక్కడి నుంచే పుట్టింది. ఇటలీలో బాగా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లలో ఇదొకటి. ఉత్తరాన లొంబార్డీ, ఎమీలియా ప్రాంతాల్లో మరీ ఎక్కువ. పీడ్మాంట్ వైపు అదే పని ఫెర్రెరో అయింది, ఇంకొన్ని చోట్ల ఫెర్రారో, ఫాబ్రి అయింది. కొలిమి ఒకటే, ఊరిని బట్టి పేరు మారింది.

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. ఊరి లెక్కలు రాసే పని చేసినవారు కరణాలు. అదే పనికి నిజాం ఇలాకాలో పట్వారీ అన్నారు, మరాఠీలో కులకర్ణి, కన్నడంలో శానుభోగ అన్నారు. నాలుగూ ఇంటిపేర్లుగా నిలిచాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఎత్తింది బరువులు, రాసింది లెక్కలు కాదు. పని మారినా పేరు ఉండిపోయింది.

మరి మీ ఇంటిపేరు ఏ పని నుంచి వచ్చింది? అసలు పని నుంచే వచ్చిందా, ఊరి నుంచి వచ్చిందా? ఎంతమందికి ఉంది, ఎక్కడెక్కడ ఉంది? ఇవి తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఓపిక కావాలి, వరస తప్పకుండా పని చేయాలి. గోదావరి ఒడ్డున ఉన్న మన బూర్గంపాడు మండలాన్నే ఉదాహరణగా పెట్టుకుని, ఒక్కో మెట్టూ కలిసి ఎక్కుదాం.

కావలసినవి

• 200 పేజీల నోటుబుక్కు ఒకటి, పెన్సిలు ఒకటి. పెన్ను వద్దు, చాలాసార్లు దిద్దుకోవలసి వస్తుంది.
• మాట రికార్డు చేసుకునే ఫోను. పెద్దవాళ్లను అడిగి, సరేనన్నాకే రికార్డు నొక్కాలి.
• ఇంట్లో పాత కాగితాలు: శుభలేఖలు, బడి సర్టిఫికెట్లు, పట్టాదారు పాసు పుస్తకం, రేషన్ కార్డు.
• వంటింట్లో పేరు చెక్కించిన పాత బిందెలు, గంగాళాలు, పళ్లేలు. పెళ్లికి పెట్టిన గిన్నె మీద పుట్టింటి పేరు దొరుకుతుంది.
• ఒక మంచి నిఘంటువు. బ్రౌను నిఘంటువు, శబ్దరత్నాకరం రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.
• మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితా.
• మండలం పటం, లేకపోతే చేత్తో గీసుకున్న పటమైనా సరే.

చేసే పద్ధతి

1. ఒక్క పేరే పట్టుకుందాం

ముందు ఒకే ఇంటిపేరు ఎంచుకోండి. మీదైతే మేలు. నోటుబుక్కు మొదటి పేజీలో ఆ పేరును ఇంట్లో పలికేది పలికినట్టే రాయండి. దాని కింద కాగితాల్లో ఎలా ఉందో రాయండి. రెండింటికీ తేడా ఉంటే దిద్దకండి, రెండూ ఉంచండి. ఆ తేడాయే తర్వాత మనకు దారి చూపిస్తుంది.

దీనికి మన ఊరే మంచి ఉదాహరణ. మనం బూర్గంపాడు అంటాం. పాత సర్కారీ కాగితాల్లో, ఇంగ్లీషు బోర్డుల మీద బూర్గంపహాడ్ అని ఉంటుంది. తెలుగులో ‘పాడు’ అంటే ఊరు, ఉర్దూలో ‘పహాడ్’ అంటే కొండ. రాత మారేసరికి అర్థమే మారిపోయింది. ఊరి పేరుకు జరిగింది ఇంటిపేరుకూ జరుగుతుంది.

2. ఇంట్లో పెద్దవాళ్లను అడుగుదాం

కాగితాల కంటే ముందు మనుషుల దగ్గరికి వెళ్దాం. ఈ వరస తప్పించకండి. కాగితం చూసి వెళితే మన మాటే వాళ్ల నోట పెట్టేస్తాం.

అడగాల్సినవి ఐదే:
• ‘తాతా, మనోళ్లు ఈ ఊరికి రాకముందు ఎక్కడుండేటోళ్లు?’
• ‘మీ తాత ఏం పని చేసేటోడు?’
• ‘మనల్ని ఊళ్లో వేరే పేరుతో ఎవరన్నా పిలిచేటోళ్లా?’
• ‘మన ఇంటిపేరే ఉన్నోళ్లు ఇంకా ఏ ఊళ్లల్ల ఉన్నరు?’
• ‘వాళ్లతోటి పెళ్లి సంబంధాలు కలుపుకుంటామా, అన్నదమ్ముల వరసా?’

ఐదో ప్రశ్న వదలకండి. ఒకే ఇంటిపేరున్నా సంబంధాలు కలుపుకుంటారంటే, ఆ రెండు ఇళ్లూ వేర్వేరు చోట్ల వేర్వేరుగా ఆ పేరు తెచ్చుకుని ఉండొచ్చు. పని పేర్లలో ఇది మామూలే. కొలిమి ఉన్న ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉంటాడు కదా. వాళ్లంతా ఒకే వంశం కానక్కర్లేదు.

అమ్మమ్మను, నాయనమ్మను విడివిడిగా అడగండి. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ మోసినవాళ్లు వాళ్లు. ఏ ఇంటిపేరువాళ్లు ఏ ఊళ్లో ఉంటారో వాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు.

3. పేరును విడదీద్దాం

ఇప్పుడు పేరును రెండు ముక్కలు చేద్దాం: మొదటి మాట, చివరి తోక. తోక ‘పల్లి, పాడు, కొండ, గూడెం, ప్రోలు’ లాంటిదైతే అది ఊరి పేరు నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేర్ల వాటా చాలా పెద్దది. కమ్మరి, కుమ్మరి, వడ్ల, కరణం, పట్వారి లాంటి మాటైతే పని పేరు. పురోహితం, భాగవతుల లాంటివి చదువునూ కళనూ చెప్పే పేర్లు.

ఇక్కడ తొందర పనికిరాదు. మనకు అందరికీ తెలిసిన పేరు ఒకటి చూద్దాం. భద్రాచలం రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. పుట్టింది ఖమ్మం దగ్గర నేలకొండపల్లిలో. తానీషా కాలంలో మన పక్కనే ఉన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ‘కంచర్ల’ వినగానే కంచరి గుర్తొస్తాడు, అంటే కంచు పాత్రలు చేసేవాడు. అయితే మాచర్ల లాంటి ఊళ్ల పేర్లు కూడా ఇలాగే ముగుస్తాయి. పైగా గోపన్నది నియోగి కుటుంబం. వాళ్ల ఇంటిపేర్లు ఎక్కువగా ఊళ్ల మీద వచ్చినవి. కాబట్టి పేరు చెవికి ఎలా వినిపించిందో అంతటితో ‘వీళ్లు కంచు పనివాళ్లు’ అని రాసేయకూడదు. రెండు దారులూ నోటుబుక్కులో రాసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టండి. తర్వాతి మెట్లలో ఒకటి కొట్టేద్దాం.

4. నిఘంటువు తిప్పుదాం

పేరులోని మొదటి మాటను నిఘంటువులో చూడండి. ఈనాటి అర్థంతో ఆగకండి, పాత అర్థాలన్నీ రాసుకోండి. పనిముట్ల పేర్లకు, పనివాళ్ల మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం చాలా ఉపయోగం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది, తర్వాత చేనేత పదాల సంపుటం వచ్చింది. జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడండి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్ల మీద ఆచార్య యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన కృషి కూడా మొదలుపెట్టేవాళ్లకు చక్కటి ఆసరా.

ఒక హెచ్చరిక. మన మండలంలో కోయ కుటుంబాలు ఎక్కువ. సున్నం, కారం, తాటి అనేవి ఇక్కడ కోయల ఇంటిపేర్లు. భద్రాచలం ఎమ్మెల్యేగా పనిచేసిన సున్నం రాజయ్య పేరు అందరికీ తెలుసు. తెలుగు నిఘంటువు తెరిచి, ‘వీళ్ల పూర్వీకులు సున్నం కాల్చేవాళ్లు’ అని రాశామంటే పెద్ద తప్పు చేసినట్టే. కోయల ఇంటిపేరు గట్టుతో, అంటే వాళ్ల వంశ విభాగంతో, ఇలవేల్పుతో ముడిపడి ఉంటుంది. ఏ ఇంటిపేరు ఏ గట్టులోదో, ఎవరితో సంబంధం కలుపుకోవచ్చో అదే చెబుతుంది. ఆ పేర్లకు అర్థం చెప్పాల్సింది కోయ పెద్దలు, మన నిఘంటువు కాదు.

5. పాత కాగితాలు చూద్దాం: గోదావరికి ఏ ఒడ్డు?

ఇటలీవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. 1563లో ట్రెంట్ మహాసభ చర్చీల్లో పెళ్లిళ్ల రిజిస్టర్లు తప్పనిసరి చేసింది, బాప్తిస్మాలూ వరసగా రాసిపెట్టారు. ఇంటిపేరు పట్టుకుని అక్కడ వందల ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు. మనకు అలాంటి రిజిస్టరు లేదు. భూమి కాగితాలే దిక్కు. అవి ఎక్కడున్నాయో తెలియాలంటే ముందు మీ ఊరు ఏ ఒడ్డున ఉందో చూడాలి.

బూర్గంపాడు ఒడ్డు నిజాం ఇలాకా. మొదట వరంగల్ జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. అవతలి భద్రాచలం ఒడ్డు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. కొన్నేళ్లు మధ్య పరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మానికి వచ్చింది. అంటే ఎదురెదురు ఒడ్లకు దాదాపు వందేళ్లు వేర్వేరు సర్కార్లు, వేర్వేరు రాతలు. ఇటు పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్. అటు కరణం, మునసబు. ఇంటిపేరులో పట్వారీ ఉందా, కరణం ఉందా అన్నది కూడా ఒక ఆనవాలే. అయితే ఆనవాలుగానే తీసుకుందాం. ఇటువైపు జనం మాటల్లోనూ కరణం అనే మాట వినిపిస్తుంది.

చూడాల్సిన కాగితాలు ఈ వరసలో:
• ఇటువైపు ఊళ్లకు 1954–55 ఖాస్రా పహాణీ. దానికి తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి.
• అటువైపు ఊళ్లకు పాత అడంగళ్లు.
• పాత ప్రభుత్వ బడిలో ప్రవేశ రిజిస్టరు. తండ్రి పేరు, కొన్నిసార్లు వృత్తి కూడా ఉంటాయి.
• ఇంకా పాతవి కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయం.

2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కింద మన చుట్టుపక్కల కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్లు కూడా అటు వెళ్లాయి. మీది అలాంటి ఊరైతే కాగితాల కోసం ఆ రాష్ట్రం కార్యాలయంలో అడగాలి. ముందే కనుక్కుంటే ఒక రోజు కలిసొస్తుంది.

నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ రాతలో ‘ణ’, ‘ళ’ లేవు, పొట్టి అచ్చులు రాయరు. అందుకని ‘కరణం’ చదివేవారి నోట ‘కర్నం’ కావచ్చు. పేరు దొరకలేదని వదిలేయకుండా, దగ్గరగా పలికే రూపాలన్నీ వెతకండి. ఉర్దూ తెలిసిన పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే పని తేలిక.

6. పాడేవాళ్లను విందాం

మన కులాలకు చరిత్ర చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. వాళ్లు కథ చెబుతూ ఇంటిపేర్లు, గోత్రాలు కూడా చెబుతారు. కోయలకు డోలీలు ఉన్నారు. పక్కనే మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ కళకే 2022లో పద్మశ్రీ అందుకున్నారు.

వీళ్లు ఊరికి వచ్చినప్పుడు కథ పూర్తయ్యేదాకా కూర్చోండి. మధ్యలో ఆపి మీ పేరు గురించి అడగకండి. అయ్యాక సంభావన ఇచ్చి, నెమ్మదిగా అడగండి. వాళ్లు చెప్పింది పురాణం కావచ్చు, ఉన్నది ఉన్నట్టే రాసుకోండి. ఏ ఇంటిపేరుకు ఏ ఊరు చెప్పారన్నది మనకు ముఖ్యం.

7. లెక్క వేద్దాం

ఇప్పుడు ఈ పేరు ఎంతమందికి ఉందో చూద్దాం. దీనికి ఓటర్ల జాబితా చాలు. బూర్గంపాడు మండలం పినపాక శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఎన్నికల అధికారుల వెబ్‌సైటులో పోలింగ్ కేంద్రం వారీగా జాబితాలు దొరుకుతాయి.

మనుషులను కాదు, ఇళ్లను లెక్కపెట్టాలి. పెద్ద కుటుంబంలో ఎనిమిది ఓట్లు ఉంటే ఆ పేరు ఎనిమిదిసార్లు కనబడి మనల్ని మోసం చేస్తుంది. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: ఊరు, మొత్తం ఇళ్లు, మన ఇంటిపేరున్న ఇళ్లు, నూటికి ఎన్ని. ఒక కేంద్రంలో 300 ఇళ్లు ఉండి, 6 ఇళ్లకు మన పేరు ఉందనుకుందాం. అంటే నూటికి 2. ప్రతి ఊరికీ ఇలాగే వేస్తే ఊళ్లను పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు.

సారపాకను మాత్రం వేరుగా లెక్కపెట్టండి. అక్కడ 1979లో కాగితం మిల్లు మొదలైంది. పని కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి స్థిరపడ్డారు. ఇరవెండి, నాగినేనిప్రోలు లాంటి పాత ఊళ్లతో సారపాకను కలిపేస్తే లెక్క తారుమారవుతుంది.

8. పటం మీద పెడదాం

పేరున్న ప్రతి ఊరికీ చుక్క పెట్టండి. నూటికి 1 కంటే తక్కువైతే చిన్న చుక్క, ఎక్కువైతే పెద్ద చుక్క. ఇప్పుడు కాస్త దూరంగా నిలబడి చూడండి.

చుక్కలన్నీ ఒక ఊరి చుట్టూ గుమిగూడితే, ఆ పేరు ఒక కుటుంబం నుంచి లేదా ఒక ఊరి నుంచి పాకి ఉండొచ్చు. ఊరికి ఒకటి రెండు ఇళ్ల చొప్పున అన్నిచోట్లా చల్లినట్టు ఉంటే, అది పని పేరు కావడానికి అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఊరికి ఒక కమ్మరి, ఒక కరణం చాలు. ఇటలీలో ఫెరారి అంత విస్తారంగా కనిపించడానికి కారణం కూడా ఇదే.

9. తీర్పు రాద్దాం

చివరి పేజీలో మూడు మాటల్లో ఒకటే వాడండి: ‘తేలింది’, ‘కావచ్చు’, ‘ఇంకా తెలియదు’. పెద్దల మాట, కాగితం, పటం ఈ మూడూ ఒకే మాట చెబితేనే ‘తేలింది’. రెండు కలిస్తే ‘కావచ్చు’. మొదటిసారి చేసేవాళ్లకు ఎక్కువగా వచ్చేది ‘కావచ్చు’ అనే. అది ఓటమి కాదు, నిజాయితీ గల ఫలితం.

సాధారణంగా జరిగే పొరపాట్లు

కులం పేరునే ఇంటిపేరు అనుకోవడం. తెలంగాణ కాగితాల్లో ఇది చాలా ఎక్కువ. రాసేవాళ్లు ఇంటిపేరు అడగకుండా పని పేరే ముందు పెట్టేసేవారు. విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ అసలు ఇంటిపేరు చిట్యాల. లోకం పిలిచింది పని పేరుతో, ఇంట్లో ఉన్నది వేరే పేరు. అందుకే రెండో మెట్టులో ‘వేరే పేరుతో పిలిచేటోళ్లా’ అని అడిగాం. ఎదుటి దేశ్‌ముఖ్ కూడా ఒకప్పటి కొలువు పేరే. అయితే ఒకటి గౌరవంగా, ఇంకొకటి చిన్నచూపుగా పలికారు. ఆ తేడా మన రాతలోకి రాకూడదు.

వస్తువు పేరు వినగానే పని అంటగట్టడం. కవి జాషువా ఇంటిపేరు గుర్రం. అంతమాత్రాన వాళ్లు గుర్రాలు మేపినవాళ్లని చెప్పలేం. సాక్ష్యం వచ్చేదాకా ప్రశ్నగుర్తు ఉండనివ్వండి.

పెళ్లయిన ఆడవాళ్లను రెండుసార్లు లెక్కపెట్టడం. జాబితాలో కొందరు అత్తింటి పేరుతో, ఆధార్‌లో పుట్టింటి పేరుతో ఉంటారు. నేను మొదటిసారి లెక్క వేసినప్పుడు ఇక్కడే తప్పి, ఒక ఊరంతా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఇల్లే కొలత అని గుర్తుంచుకుంటే ఈ ఇబ్బంది రాదు.

అక్షరం తేడాతో పేర్లు వదిలేయడం. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన జాబితాల్లో కంచర్ల, కంచెర్ల, కాంచర్ల మూడూ కనిపించొచ్చు. అనుమానం వస్తే ఆ ఇంటికి వెళ్లి అడగడమే సరైన మార్గం.

భూమి కాగితాలు చూపించమని సూటిగా అడగడం. మనది ఏజెన్సీ ప్రాంతం. గిరిజనేతరులకు భూమి బదిలీని ఆపే 1/70 చట్టం కింద భూమి తగాదాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. కొత్త మనిషి పహాణీ అడిగితే జంకుతారు, అది సహజం. ముందు శుభలేఖ అడగండి, బిందె మీద పేరు చూపించమనండి. నమ్మకం కుదిరాక కాగితం వాళ్లే తీస్తారు. ఎవరి సర్వే నంబరూ రాసుకోకండి. మనకు కావలసింది పేరు మాత్రమే.

సేకరించిన జాబితాను వాట్సాప్‌లో తిప్పడం. ఊరి పేరు, ఇళ్ల లెక్క చెప్పొచ్చు. మనుషుల పేర్లు, ఇంటి నంబర్లు మన నోటుబుక్కు దాటి బయటికి పోకూడదు.

చివరగా ఒక మాట

ఒక ఇంటిపేరుకు ఈ తొమ్మిది మెట్లూ ఎక్కడానికి వారానికి ఒక ఆదివారం చొప్పున రెండు నెలలు పడుతుంది. అంతకంటే తొందరగా ముగిస్తే ఎక్కడో ఒక మెట్టు దాటేసి ఉంటారు. వెనక్కి వెళ్లి చూసుకోండి. పని పూర్తయ్యాక నోటుబుక్కు నకలు ఒకటి మీ ఊరి బడికి ఇవ్వండి. అడిగిన తేదీ, చెప్పిన పెద్దవారి వయసు, వారి ఊరు తప్పకుండా ఉండాలి. అప్పుడే తర్వాత వెతికేవాళ్లు మీ పని మీద తమ పని నిలబెట్టుకోగలుగుతారు.

పేరు కొలిమి నుంచి వచ్చినా, కలం నుంచి వచ్చినా, ఊరి నుంచి వచ్చినా, గట్టు నుంచి వచ్చినా, ఏదీ తక్కువ కాదు, ఏదీ ఎక్కువ కాదు. తప్పుడు కథ అంటగట్టడమే తక్కువ. ఈ సాయంత్రమే నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో మీ ఇంటిపేరు రాసి, మీ ఇంట్లో అందరికంటే పెద్దవారి పక్కన వెళ్లి కూర్చోండి.